ఏ పుస్తకం మీద చెయ్యి పెట్టాలి?

హాస్టల్ రోజుల వ్యాసం రెండో భాగం ఈ ఆదివారం పెడతానని పోయిన వారం మాటిచ్చాను. పెట్టలేకపోతున్నాను, క్షమించండి. రాద్దామని కూర్చున్న పూటే ఒక ఫోన్ వచ్చింది. అప్పట్నుంచీ బుర్రలో అదే తిరుగుతోంది. అది దించుకుంటే తప్ప హాస్టల్లోకి వెళ్ళలేను.

ఫోన్ చేసింది మా మేనల్లుడు, అక్క కొడుకు. సైన్యంలో అగ్నివీర్‌గా చేరాడు. వాడి శిక్షణ 31 వారాలు, అందులో ఇంకా మూడు వారాలే మిగిలి ఉంది. ఏ సెంటర్, ఏ ఊరు అన్నది రాయను. వాడు ఇంకా అక్కడే ఉండాలి కదా. వాడికి ఇంట్లో పిలిచే పేరు ఒకటి, సర్టిఫికెట్లో పేరు ఒకటి. ఆ రెండూ కూడా రాయను. మన పల్లెల్లో రెండు పేర్లు ఎందుకుంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆదివారం పూట కాసేపు ఫోన్లు చేతికిస్తారు. మామూలుగా వాడు ముందు వాళ్ళమ్మతో మాట్లాడి, చార్జింగ్ మిగిలితే నాకు చేస్తాడు. ఈసారి ముందు నాకే చేశాడు.

"మావయ్యా, కసమ్ పరేడ్‌లో ఏ పుస్తకం మీద చెయ్యి పెట్టాలి?"

కసమ్ పరేడ్ అంటే శిక్షణ చివర్లో ప్రమాణం చేసే పరేడ్. దాంతో రంగ్రూట్ కాస్తా సిపాయి అవుతాడు. పరేడ్ మైదానంలో జాతీయ జెండా ఉంటుంది. పండిట్, మౌల్వీ, గ్రంథీ, పాద్రీ తమ తమ గ్రంథాలతో వస్తారు. ఎవరి మతం ప్రకారం వాళ్ళు చెయ్యి చాపి ప్రమాణం చేస్తారు. చూడ్డానికి బాగుంటుంది, టీవీల్లో మీరూ చూసే ఉంటారు. ఆ బాగుండే దృశ్యంలో మావాడు ఎక్కడ నిలబడాలన్నదే వాడి ప్రశ్న. చదువు చెప్పుకుని బతికేవాణ్ణి, తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసినవాణ్ణి, నాకు జవాబు తోచలేదు. "ఆలోచించి చెబుతాలేరా" అన్నాను. "ఆలోచించడానికి ఏముంది మావయ్యా, ఏదో ఒకటి చెప్పు" అన్నాడు. ఈలోగా విజిల్ వినిపించింది, ఫోన్ పెట్టేశాడు.

ఈ ప్రశ్న ఎక్కడ పుట్టిందో తెలియాలంటే ముందు వాడి రోజు ఎలా గడుస్తుందో తెలియాలి.

తెల్లారుజామున నాలుగింటికి లేవాలి. లేవగానే గడ్డం గీసుకోవాలి, గడ్డం వచ్చినా రాకపోయినా. మొదటి నెలలో మావాడికి మూతి మీద నూగు తప్ప ఏమీ లేదు, అయినా రోజూ బ్లేడు పెట్టాల్సిందే. ఉస్తాద్ చెంప మీద వేలితో రాసి చూస్తాడట. ఉస్తాద్ అంటే శిక్షణ ఇచ్చే హవల్దార్. పక్క మడత గీత గీసినట్టుండాలి. నల్ల ట్రంకు పెట్టె మీద సామాను ఎవరిదైనా ఒకే వరసలో ఉండాలి. మగ్గు పిడి ఒకడిది కుడికి, ఇంకొకడిది ఎడమకి ఉంటే బ్యారక్ మొత్తానికి రగడా పడుతుంది. రగడా అంటే శిక్ష. నేల మీద దొర్లడం, పాకడం, కప్ప గంతులు. "ఒకడి తప్పుకి అందరం దొర్లుతాం మావయ్యా, అందుకే ఎవడి మగ్గయినా సరే కనిపిస్తే సర్దేస్తాం" అన్నాడు ఒకసారి.

తర్వాత పీటీ. ఐదు కిలోమీటర్ల పరుగు, తాడెక్కడం, తొమ్మిది అడుగుల గుంట దూకడం. మొదట్లో నిక్కర్లో పరిగెత్తేవాళ్ళు, ఇప్పుడు భుజాన రైఫిల్, వీపున పిట్టూ సంచీ. ఆ పరుగుకి టైమింగ్ ఉంటుంది, ఫెయిలైతే వెనక బ్యాచ్‌లోకి తోసేస్తారు. శిక్షణలో అందరూ భయపడేది దెబ్బలకి కాదు, దానికి. రెలిగేట్ అయితే మళ్ళీ కొత్తవాళ్ళతో మొదటికి. వాడి బ్యాచ్‌లో ఇద్దరికి పిక్క ఎముక సన్నగా చిట్లి అలాగే వెనక్కి వెళ్ళారు.

పీటీ అయ్యాక పూరీ-సబ్జీ, మగ్గు నిండా చాయ్. ఆ తర్వాత డ్రిల్. సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్. మావాడికి హిందీ ఇంటర్లో ఎంత వచ్చో నాకు తెలుసు. మొదటి వారం దాహినే అంటే ఎడమకి, బాయే అంటే కుడికి తిరిగేవాడు. మొత్తం వరసలో వాడొక్కడే ఎదుటివాడి ముఖంలోకి ముఖం పెట్టి నిలబడేవాడు. ఇప్పుడు కలలో కూడా హిందీలోనే అరుస్తున్నాడట, పక్క మంచం కుర్రాడు చెప్పాడట. డ్రిల్ తర్వాత ఆయుధాల క్లాసు. రైఫిల్ భాగాలు విప్పి కళ్ళు మూసుకుని మళ్ళీ బిగించాలి. మధ్యాహ్నం రోటీ, దాల్, కాస్త అన్నం. ఆపైన ఫటీగ్ అంటే గడ్డి కోయడం, కాలవలు బాగుచేయడం, రాళ్ళకి సున్నం వేయడం. సాయంత్రం ఆటలు, రోల్ కాల్. రాత్రి బూట్లు. ఆ బూటు ముక్కులో ముఖం కనిపించేదాకా దూదితో, పాలిష్‌తో రుద్దుతారు. చివరికి గార్డ్ డ్యూటీ పడితే అర్ధరాత్రి రెండు గంటలు తుపాకి పట్టుకుని నిలబడాలి.

ఇప్పుడు చివరి వారాలు కాబట్టి ఫైరింగ్ పరీక్షలు అయిపోయాయి, పెద్ద రూట్ మార్చ్ కూడా అయిపోయింది. మిగిలిందల్లా పరేడ్ రిహార్సల్. పొద్దున్నుంచీ ఎండలో ఒకే నడక. పక్కవాడి భుజం, వీడి భుజం ఒకే గీత మీద.

ఇదంతా వాడు చెబుతుంటే నాకు రెండు రకాలుగా అనిపిస్తుంది. రాజ్యం చేతిలో తుపాకీ ఎవరివైపు తిరుగుతుందో చదువుకున్నవాణ్ణి నేను. ఈశాన్యం గురించి, కశ్మీర్ గురించి, ప్రత్యేకాధికారాల చట్టం గురించి క్లాసులో మాట్లాడినవాణ్ణి. కొత్త సినిమా వస్తే చాలు దేశభక్తి పోస్టులు పెట్టేవాళ్ళతో నాకు పొత్తు లేదు. కానీ మావాడు చెప్పిన ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. లంగర్లో, అదే వాళ్ళ వంటశాలలో, రోటీలు చేసే వంతు పడిందట. "మావయ్యా, నేను చేసిన రోటీలు అందరూ తిన్నారు. వంకరగా ఉన్నాయని తిట్టారు గానీ తిన్నారు."

ఈ వాక్యం విలువ తెలియనివాళ్ళతో నేను వాదించను. మా అక్క వాళ్ళ ఊళ్ళో స్కూల్లో మధ్యాహ్న భోజనం వండే మనిషిని మార్చమని పెద్ద గొడవ జరిగిన సంగతి వాడికి తెలుసు. అప్పుడు వాడు ఆరో తరగతి. ఆ వండే మనిషి వాడికి వరసకి పిన్ని అవుతుంది.

కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఆ బ్యారక్‌లో దాదాపు ముప్పై వారాలుగా వాడికి ఒక నంబరు, ఒక మంచం, ఒక పెట్టె. హర్యానా కుర్రాడు వాడి బడ్డీ, అంటే జోడీ. ఒకడి వీపు మీద సంచీ ఇంకొకడు బిగిస్తాడు, ఒకడి సీసాలో నీళ్ళు ఇంకొకడు తాగుతాడు. తెలుగు పేర్లలో ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా నక్కి ఉంటుంది, దాన్నిబట్టి ఉత్తరాది వాళ్ళకి ఏమీ అంతుపట్టదు. వాళ్ళకి మావాడు 'మద్రాసీ', అంతే.

కులం ఆ బ్యారక్‌లోకి తెలుగులో వచ్చింది. రెండో నెలలో మన పక్క జిల్లా కుర్రాడు ఒకడు పరిచయమయ్యాడు. పరాయి చోట తెలుగు వినపడగానే ప్రాణం లేచొచ్చిందట మావాడికి. ఆ కుర్రాడు మొదట "మీదే ఊరు?" అన్నాడు. రెండోసారి "ఊళ్ళో ఎక్కడ?" అన్నాడు. మూడోసారి ఏమీ అడగలేదు, అవసరం లేకపోయింది. "గుడి దగ్గరా, చర్చి దగ్గరా" అని అడిగే పని లేకుండా మనూళ్ళో వీధి పేరే సరిపోతుంది కదా. "మరి తర్వాత ఎట్టా ఉంటున్నాడురా?" అన్నాను. "మంచోడే మావయ్యా. అడగడం అలవాటు, అంతే. రూట్ మార్చ్‌లో కాళ్ళు బొబ్బలెక్కితే వాడి రైఫిల్ నేనే మోశా." దీని మీద నేను ఉపన్యాసం మొదలుపెట్టబోతే వాడు నవ్వి మాట మార్చేశాడు.

ఇక పుస్తకం సంగతి. బాపట్ల చుట్టుపక్కల పల్లెల్లో పుట్టినవాళ్ళకి నేను చెప్పబోయేది ఇట్టే అర్థమవుతుంది. మా అక్క అత్తగారిది రక్షణ సైన్యం కుటుంబం. సాల్వేషన్ ఆర్మీని మనవాళ్ళు తెలుగులో అలాగే పిలుస్తారు. అక్కడ పాస్టరుకి కెప్టెన్, మేజర్ అని హోదాలుంటాయి, యూనిఫారం ఉంటుంది, సభ్యుల్ని సైనికులంటారు. వాడి నాయనమ్మ తెల్లచీర కట్టి యాభై ఏళ్ళుగా ఆ సైన్యంలో సైనికురాలు. మనవడికి సెలక్షన్ వచ్చిందని తెలిసినప్పుడు ఆవిడ అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం: "ఈ సైన్యంలోంచి ఆ సైన్యంలోకి పోతన్నాడు, ఆ మేజరు గారు ఈ మేజరు గారంత మంచోడేనా?"

కానీ వాడి సర్టిఫికెట్లో ఉన్నది హిందూ. పక్కన మా కులం పేరు. సైన్యంలో చేరేటప్పుడు కుల ధ్రువీకరణ అడుగుతారు, అందులో మతం లేకపోతే మత ధ్రువీకరణ కూడా అడుగుతారు. 2022లో దీని మీద గొడవ జరిగితే ఇది కొత్తది కాదు, ఎప్పటినుంచో ఉన్న పద్ధతే అని ప్రభుత్వం జవాబిచ్చింది. నిజమే, పాతదే. తమాషా ఏమిటంటే సైన్యం నియామకాల్లో ఎస్సీ రిజర్వేషన్ లేదు. మావాడు 1.6 కిలోమీటర్లు పరిగెత్తి, పది పులప్స్ తీసి, రాతపరీక్ష రాసి అందరితో సమానంగా చేరాడు. మా వంశంలో 'కోటా వాడు' అని ఎవరూ అనడానికి వీల్లేకుండా ఉద్యోగం తెచ్చుకున్న మొదటి మనిషి వాడే. అయినా ఆ కాగితం మాత్రం ఇవ్వాల్సిందే.

ఆ కాగితం ప్రకారం వాడు ప్రతి ఆదివారం మందిర్ పరేడ్‌కి వెళ్ళాడు. బ్యారక్ అంతా వెళుతుంది. భజన, పండిట్‌జీ నాలుగు మంచి మాటలు, ప్రసాదం. "బాధగా ఏమన్నా ఉంటదారా?" అని అడిగాను ఒకసారి. "బాధేం లేదు మావయ్యా, చల్లగా ఉంటది. గోడకి ఆనుకుంటే పది నిమిషాలు కునుకు కూడా పడతది" అన్నాడు. ప్రపంచంలో ఏ మతం కూడా నిద్రలేని రంగ్రూట్‌కి ఇంతకంటే గొప్ప ఆశీర్వాదం ఇచ్చి ఉండదు. దాదాపు ముప్పై వారాలు అలా గడిచిపోయాయి. కానీ ప్రమాణం దగ్గరికి వచ్చేసరికి వాడికి కునుకు పట్టలేదు. ప్రాణం ఇస్తానని చెప్పే మాట కదా. "అబద్ధం పుస్తకం మీద నిజం ప్రమాణం చేస్తే అది చెల్లుతదా మావయ్యా?" అని మెసేజ్ పెట్టాడు ఆ రాత్రి. గీత అబద్ధమని కాదు వాడి ఉద్దేశం. తనకి అది తన పుస్తకం కాదని.

ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. అక్క బైబిలు మీదే చెయ్యి పెట్టాలంటుంది. "వాడు పుట్టినప్పుడు దేవుడికి ఇచ్చిన మాట. అంత పెద్ద రోజున ఆయన్ని కాదంటాడా?" బావ ఒప్పుకోడు. బావ ట్రాక్టరు డ్రైవరు, ఎక్కువ మాట్లాడడు, మాట్లాడితే లెక్క చెబుతాడు. "నాలుగేళ్ళకి బయటికొస్తాడు. కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడితే ఎస్సీ సర్టిఫికెట్ కావాలా వద్దా? వీడు బైబిలు పట్టుకున్న ఫొటో ఎవడో ఒకడు తీస్తాడు. రేపు దాన్ని ఎమ్మార్వో ఆఫీసులో పెడతాడు. అప్పుడేం చేద్దాం?"

బావ భయం వట్టి భయం కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా హిందువులకే అన్నారు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుల్ని కలపలేదు, ముస్లింల్నీ కలపలేదు. మన దగ్గర క్రైస్తవం తీసుకున్న ఎస్సీని బీసీ-సి అంటారు, ఒక శాతం రిజర్వేషన్. చర్చికి వెళ్ళినంత మాత్రాన వాడకట్టు మారదు, పెళ్ళి సంబంధం మారదు, శ్మశానం మారదు. మారేది కాగితం ఒక్కటే. 2024 నవంబరులో పుదుచ్చేరి మహిళ ఒకరి కేసులో సుప్రీంకోర్టు, క్రైస్తవాన్ని ఆచరిస్తూ ఉద్యోగం కోసం హిందువునంటే ఎస్సీ సర్టిఫికెట్ కుదరదని తేల్చింది. 2025లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసును, మతం మారాక ఆ చట్టం రక్షణ వర్తించదని కొట్టేసింది. తిట్టినవాడు కులం పేరుతోనే తిట్టాడన్నది ఆయన ఫిర్యాదు. తిట్టేవాడికి మతమార్పిడి కనపడదు, చట్టానికి మాత్రం కనపడుతుంది. ఈ తీర్పులు మా బావ చదవలేదు. కానీ వాటి సారాంశం పల్లెలో ప్రతి తండ్రికీ తెలుసు.

ఇక్కడ నా సంగతి దాచిపెట్టి ఊరుకుంటే మోసం అవుతుంది. నేను పీహెచ్‌డీ సీటు దగ్గర్నుంచి లెక్చరర్ పోస్టు దాకా అదే సర్టిఫికెట్ మీద వచ్చాను. మా అమ్మ చర్చి వెనక సమాధిలో ఉంది. ఉద్యోగం ఇంటర్వ్యూకి ఆర్నెల్ల ముందు నుంచీ నేను క్రిస్మస్‌కి కూడా ఊరెళ్ళలేదు. ఎవరైనా అడిగితే 'నాకు దేవుడి మీద నమ్మకం పోయింది' అని చెప్పుకున్నాను. నమ్మకం పోవడం నిజమే. కానీ అది సరిగ్గా నోటిఫికేషన్ పడిన నెలలోనే ఎందుకు పోయిందో నన్ను నేను ఎప్పుడూ అడగలేదు. మేనల్లుడు ఇరవై ఏళ్ళకే అడుగుతున్నాడు.

ఈ కథలో నాకు అసలు దోషి ఎవరంటే ఆ పండిట్‌జీ కాదు, పాద్రీ కాదు, ఉస్తాద్ అసలే కాదు. నాలుగేళ్ళు అనే ఆ అంకె. ఆలోచించండి. ఇదే కుర్రాడు ఇరవై ఏళ్ళ క్రితం చేరి ఉంటే పదిహేను, పదిహేడేళ్ళ ఉద్యోగం, తర్వాత చనిపోయేదాకా పింఛను ఉండేవి. వాడు తన పుస్తకం మీద నిశ్చింతగా చెయ్యి పెట్టేవాడు, ఎస్సీ కాగితాన్ని ఇంటి చూరులో చెక్కి మర్చిపోయేవాడు. దానితో వాడికి మళ్ళీ పని ఉండేది కాదు. ఇప్పుడు నలుగురిలో ముగ్గుర్ని నాలుగేళ్ళకే ఇంటికి పంపుతారు. అట్టేపెట్టుకునేది గరిష్ఠంగా 25 శాతం. మొదటి ఏడాది జీతం నెలకి 30 వేలు, అందులో 30 శాతం నిధికి పోగా చేతికి 21 వేలు. నాలుగో ఏడాదికి 40 వేలు, చేతికి 28 వేలు. వెళ్ళేటప్పుడు సేవానిధి అని 11 లక్షల 71 వేల దాకా వస్తుంది, అందులో సగం వాడి జీతంలోంచి కోసిందే. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. కేంద్ర బలగాల్లో పది శాతం రిజర్వేషన్ ఇస్తామన్నారు. మంచిదే. కానీ ఆ లైన్లో నిలబడటానికి మళ్ళీ కాగితాలు పట్టుకోవాలి. అంటే ఇరవై నాలుగో ఏట వాడు మళ్ళీ ఎమ్మార్వో ఆఫీసు అరుగు మీద ఉంటాడు. అందుకే ఇప్పుడు పరేడ్ మైదానంలో ఏ పుస్తకం వైపు చెయ్యి చాపాలో ఆ అరుగే నిర్ణయిస్తోంది.

పింఛనుని చిన్న విషయం అనుకునేవాళ్ళకి ఒక కుటుంబం గుర్తు చేస్తాను. రామ్‌జీ సక్పాల్ సైన్యంలో సుబేదారు, ఆర్మీ స్కూల్లో హెడ్మాస్టరు. ఆయన తండ్రి మాలోజీ కూడా సైన్యంలో చేసినవాడే. 1891 ఏప్రిల్ 14న మహూ కంటోన్మెంట్‌లో రామ్‌జీకి పుట్టిన కొడుకు మన బాబాసాహెబ్. కంపెనీ సైన్యంలో సిపాయిల పిల్లలకి, ఆడపిల్లలతో సహా, చదువు తప్పనిసరి చేసిన కాలం ఒకటుంది. ఊళ్ళో బడి గడప తొక్కనివ్వని కులానికి కంటోన్మెంట్‌లో అక్షరం దొరికింది. రిటైరయ్యాక పింఛను దొరికింది. ఆ పింఛనే కొడుకుని సతారాలో, తర్వాత బొంబాయిలో చదివించింది. సైన్యం మనవాళ్ళకి ఇచ్చింది కత్తి కాదు. నెలనెలా ఎవరి దయాలేకుండా వచ్చే నాలుగు రూపాయలు, వాటితో దొరికిన పలక.

అందుకే 1890ల మొదట్లో ఆంగ్లేయులు మహర్ల భర్తీ ఆపేసినప్పుడు ఊళ్ళకి ఊళ్ళు కుదేలయ్యాయి. రిటైరైన సైనికుడు గోపాల్ బాబా వలంగ్‌కర్ దాని మీద అర్జీ రాసి పోరాడింది ఊరికే కాదు. యుద్ధ జాతులు అనే సిద్ధాంతం పెట్టి కొన్ని కులాలే వీరులన్నారు, మిగతావాళ్ళని ఇంటికి పంపారు. దక్షిణాది సిపాయి పనికిరాడని రాబర్ట్స్ దొర తేల్చేశాక మద్రాసు సైన్యంలో మన తెలుగువాళ్ళు తరిగిపోయిందీ ఆ కాలంలోనే. మళ్ళీ మహర్ రెజిమెంట్ ఏర్పడేసరికి 1941 వచ్చింది. దాని వెనక బాబాసాహెబ్ పట్టుదల ఉంది. అప్పుడు తలుపు మూశారు కాబట్టి కనపడింది. ఇప్పుడు తలుపు తెరిచే ఉంది, లోపల మెట్లు తీసేశారు.

"యూనిఫారం గౌరవం తెస్తుంది కదా సార్, నాలుగేళ్ళయినా" అని కామెంట్ పెడతారు, నాకు తెలుసు. తెస్తుంది. కానీ ఎంతవరకు? బాబాసాహెబ్ తన చిన్ననాటి సంగతి ఒకటి రాసుకున్నారు. తండ్రిని చూడ్డానికి పిల్లలు మంచి బట్టలు వేసుకుని మసూర్ స్టేషన్లో దిగారు. ఆ బట్టలు చూసి స్టేషన్ మాస్టరు బ్రాహ్మణ పిల్లలనుకున్నాడు. కులం తెలియగానే అతని ముఖం మారిపోయింది, బండివాళ్ళు రెట్టింపు కిరాయిస్తామన్నా తోలడానికి రాలేదు. ఇప్పుడూ అంతే. 2020 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని బనాస్‌కాంఠా జిల్లాలో పెళ్ళికని సెలవు మీద వచ్చిన దళిత జవాను గుర్రమెక్కి ఊరేగితే రాళ్ళు పడ్డాయి. 2016లో పాంపోర్ దాడిలో చనిపోయిన సీఆర్‌పీఎఫ్ జవాను శవం ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్ జిల్లాలో సొంతూరు చేరితే, నట్ కులం వాడని దహనానికి స్థలం ఇవ్వడానికి ఊరిపెద్దలు అడ్డం పడ్డారు. అధికారులు వచ్చి మాట్లాడితే గానీ కాస్త జాగా దొరకలేదు. జెండా కప్పిన శవానికి పట్టిన గతి అది.

మనకి దగ్గరిది ఇంకోటి. 2025 మేలో సరిహద్దులో ప్రాణం పోగొట్టుకున్న మురళీ నాయక్ అగ్నివీరే. గోరంట్ల మండలం కల్లితండా బిడ్డ. ఆ రోజు మా అక్క టీవీ ముందు నుంచి లేవలేదు, కొడుకు అప్పటికి భర్తీ పరుగులు ప్రాక్టీసు చేస్తున్నాడు. బీమా డబ్బు, పరిహారం వస్తాయి, కాదనను. కానీ మామూలు సైనికుడి కుటుంబానికి వచ్చినట్టు జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ అగ్నివీరుడి తల్లిదండ్రులకి రాదు. తూటాకి రెగ్యులర్, అగ్నివీర్ తేడా తెలియదు గానీ, ఖజానాకి తెలుసు. ఇది అడగడం సైన్యాన్ని తిట్టడం అనుకునేవాళ్ళు దయచేసి ముందు మీ ఇంట్లోంచి ఎంతమంది వెళ్ళారో చెప్పి కామెంట్ పెట్టండి.

సరే, మళ్ళీ ప్రమాణం దగ్గరికి వస్తాను. బుధవారం రాత్రి కూర్చుని 1954 ఆర్మీ రూల్స్ తీశాను. సిపాయి చేసే ప్రమాణం పాఠం అందులో ఉంది. అందులో మొదటి విధేయత దేవుడికి కాదు, రాజుకీ కాదు, భారత రాజ్యాంగానికి. దేవుడి పేరు మీద ప్రమాణం చేయొచ్చు, లేదా దేవుడి ఊసు లేకుండా మనస్ఫూర్తిగా ధ్రువీకరించవచ్చు. రెండూ చెల్లుతాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంత సులువా అనుకున్నాను. విధేయత రాజ్యాంగానికైనప్పుడు ఆ బల్ల మీద నాలుగు గ్రంథాలున్నాయి గానీ రాజ్యాంగం ఎందుకు లేదు? మా కుర్రాడు తల్లి పుస్తకానికి, కాగితం పుస్తకానికి మధ్య నలిగిపోకుండా చెయ్యి పెట్టగలిగే పుస్తకం అదొక్కటే కదా. దాన్ని రాసిన చెయ్యి ఒక సుబేదారు కొడుకుది.

ఆదివారం వాడికి ఇదంతా ఉత్సాహంగా చెప్పాను. రూల్ నంబరుతో సహా. వాడు మొత్తం విన్నాడు. తర్వాత మెల్లిగా అన్నాడు: "మావయ్యా, రెండువందల మందిమి ఒకే గీత మీద నిలబడి ఉంటాం. అప్పుడు నేను ముందుకెళ్ళి, ఉస్తాద్‌జీ, నాకు ఆర్మీ రూల్స్ ప్రకారం ఇంకో పద్ధతి కావాలి అనాలా? మా బ్యారక్ మొత్తం దొర్లుద్ది."

నవ్వాను. నవ్వొచ్చింది గానీ, ఫోన్ పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చున్నాను. హక్కు పుస్తకంలో ఉండటానికీ, ఇరవై ఏళ్ళ కుర్రాడి నోట్లోకి రావడానికీ మధ్య ఎంత దూరమో నేను రోజూ క్లాసులో చెప్పేదే.

వాడు ఏం చేస్తాడో నాకు తెలియదు. చెప్పలేదు, నేనూ గుచ్చి అడగలేదు. రికార్డులో ఉన్నట్టే నిలబడతాడని నా అనుమానం. తప్పు పట్టను. పట్టే అర్హత ఈ ఇంట్లో నాకు అందరికంటే తక్కువ.

పరేడ్‌కి తల్లిదండ్రుల్ని పిలుస్తారు. గౌరవ పదకం అని ఒక పతకం వాళ్ళ ఛాతీకి పెడతారు. అక్క, బావ ఇప్పటివరకు విజయవాడ దాటి వెళ్ళలేదు. స్లీపర్లో రెండు బెర్తులు దొరికాయి, రెండూ సైడ్ అప్పర్. బావ మోకాళ్ళ నొప్పితో ఎలా ఎక్కుతాడో తెలీదు. నిన్న సాయంత్రం వెళితే అక్క సంచీ సర్దుతోంది. అరిసెలు, గోంగూర పచ్చడి సీసా, బావకి కొత్త చొక్కా. అడుగున చీర మడతల మధ్య చిన్న బైబిలు, అట్ట ఊడిపోతే వాడే స్కూల్లో ఉన్నప్పుడు క్యాలెండరు కాగితంతో అట్ట వేసినది.

నేను చూశానని చూసి చీర పైకి లాగింది. కాసేపాగి అడిగింది.

"తమ్ముడూ, వాళ్ళు సంచీలు లోపలికి రానిస్తారంటావా?"